సున్నపురాయి లైను మీద బర్నబాసు

మా వైపు పొలాల్లో కాకిని అదిలించడానికి కూడా రాయి దొరకదు. తవ్వితే నల్లమట్టి, దాని కింద ఒండ్రు, ఇంకా దిగితే ఇసక, ఉప్పునీళ్ళు. రాయి చూడాలంటే రేపల్లె రైలు కట్ట దాకా పోవాలి. అదీ ఎక్కడి నుంచో తెచ్చి పోసిన కంకరే. అలాంటి నేల మీద పుట్టిన బర్నబాసు బతుకు మాత్రం మొదటి నుంచీ రాతితోనే నడిచింది. రేపల్లెకి దిగువన మా పేటలో నేను మిషను స్కూలు టీచరుగా ఉన్న రోజుల్లో అతను మా పక్క వీధి. కొంత నేను కళ్ళారా చూశాను, మిగతాది అతని నోటి నుంచే విన్నాను.

డెబ్భై ఏడు ఉప్పెనలో బర్నబాసు తల్లి పోయింది. తండ్రి అంతకు ముందే లేడు. మిగిలింది చెల్లెలు పుష్పలత ఒక్కతే. నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు ఆ పిల్లని తాటిచెట్టుకి ఆనించి, తను వెనకనుంచి చెట్టుని కావలించుకుని నిలబడ్డాడట. తెల్లారి చూసుకుంటే అతని ఛాతీ అంతా చెట్టు బెరడుకి గీరుకుపోయింది, చెల్లెలికి మాత్రం గీత పడలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు పొలాలు ఉప్పు తేలి పండలేదు. పని లేదు. చెల్లెల్ని మేనత్త సుందరమ్మ దగ్గర పెట్టి అతను పల్నాడు పోయాడు, పిడుగురాళ్ళ సున్నపు క్వారీలకి.

అక్కడ ముందు రాయి మోశాడు. తర్వాత సమ్మెట పట్టాడు. ఆ తర్వాత రాతికి బెజ్జం వేసి పేలుడు మందు కూరే మేస్త్రీ దగ్గర చేరి ఆ పని నేర్చుకున్నాడు. బెజ్జంలో తూటా దించేటప్పుడు చేతిలో కర్ర తప్ప ఇనుము ఉండకూడదని, పేలని బెజ్జం జోలికి పోకూడదని ఆ మేస్త్రీ అతనికి తిట్టి తిట్టి నేర్పాడు. ఎప్పుడైనా పేటకి వస్తే బర్నబాసు కనుబొమల్లో తెల్లటి సున్నపు దుమ్ము ఉండేది. స్నానం చేసినా పోయేది కాదు.

పుష్పలతకి పద్దెనిమిదో ఏడు రాగానే సీమోనుకిచ్చి చర్చిలో పెళ్ళి చేశాడు. సీమోను మా పేటవాడే. వరి కోతల్లో చురుకైన చెయ్యి. ఎవరు ఏ పని చెప్పినా కాదనలేని మనిషి. అదే అతని మంచితనం అని అందరం అనుకునేవాళ్ళం. మరుసటేడు వాళ్ళకి కుమారి పుట్టింది.

ఎనభై ఆరు సంక్రాంతి దాటాక తెనాలి అవతల, మూతపడ్డ ఓ రైసు మిల్లు ఆవరణలో చమురు సర్వే వాళ్ళు డేరాలు వేశారు. లారీలు, జీపులు, చుట్టలు చుట్టలుగా నల్ల తీగలు. ఊళ్ళ మీద ఒకటే మాట: మన కింద పెట్రోలు ఉందట. వేమూరు నుంచి రేపల్లె దాకా, అక్కడి నుంచి బాపట్ల వైపు తిన్నగా గీత గీసినట్టు లైన్లు వేసి, ఆ లైను పొడుగునా లోతైన బోర్లు దించి, అడుగున తూటాలు పేలుస్తారట. ఆ అదురు భూమి లోపలికి పోయి, కింద ఉన్న రాతి పొరలకి తగిలి తిరిగి పైకి వస్తుంది. దాన్ని తీగలతో పట్టి కాగితం మీద గీతలుగా తీస్తారు.

కూలీలని కుదిర్చే కాంట్రాక్టరు పేరు రామబ్రహ్మం. పొన్నూరు మనిషి. తెల్ల చొక్కా, నోట్లో ఎప్పుడూ వక్కపొడి. మందు పని తెలిసినవాడు కావాలని ఊరూరా అడిగిస్తుంటే ఎవరో బర్నబాసు పేరు చెప్పారు. కబురందగానే అతను పల్నాడు నుంచి వచ్చేశాడు.

"ఏరా, తూటా పట్టుకుంటే చెయ్యి వణుకుతుందా?" అని అడిగాడట రామబ్రహ్మం.

"వణకాలండి. వణక్కపోతే ఆ పనికి పనికిరాడండి."

రామబ్రహ్మం నవ్వి పనిలో పెట్టుకున్నాడు. ఓ నెల గడిచాక సీమోను కూడా చేరాడు. బర్నబాసే మాట్లాడి చేర్పించాడు.

ఆ చలికాలం, ఆ వేసవి వాళ్ళకి బాగానే గడిచాయి. వరి కోసిన మళ్ళలో మినుము చల్లి ఉండేది. లైను మినుము మీదుగా పోతే రైతులు కర్రలెత్తుకుని వచ్చేవాళ్ళు. బర్నబాసు ముందు నడిచి, "బాబాయ్, గట్టు మీదనుంచే పోతాం, ఒక్క మొక్క తొక్కం" అని బతిమాలుకునేవాడు. సీమోను ఇనప గొట్టాన్ని ఇంకో నలుగురితో కలిసి తిప్పుతుంటే పంపు నీళ్ళు కొట్టి బురద పైకి తెచ్చేది. బోరు దిగాక బర్నబాసు తూటాని వెదురు గెడతో నెమ్మదిగా అడుక్కి నెట్టేవాడు. అందరూ దూరంగా పోయాక అధికారి మీట నొక్కేవాడు. పైకి ఓ గుప్పెడు బురద ఎగిరేది, కాళ్ళ కింద నేల ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలేది. అంతే.

ఆ సర్వే పార్టీకి పెద్ద జగన్నాథరావు. బక్కపలచటి మనిషి, కళ్ళద్దాలు, మెల్లగా మాట్లాడతాడు. రాళ్ళ చదువు చదివినవాడు. ఓ రోజు మధ్యాహ్నం అన్నాలప్పుడు బర్నబాసు సందేహం అడిగాడు.

"సార్, మనం వెతికేది ఏంటండి? నూనె చెరువా?"

"చెరువు కాదయ్యా. రాయి. నూనె పట్టిన రాయి. ఇటుక నీళ్ళు పీల్చుకోదూ, అలాగ. మేం ఎక్కువగా చూసేది సున్నపురాయి."

బర్నబాసుకి నవ్వొచ్చింది. "సున్నపురాయి కావాలంటే పిడుగురాళ్ళ పోవాలి గానీ ఇక్కడ ఎక్కడుందండి? నేను అక్కడ ఏళ్ళ తరబడి కొట్టానండి. నూనె చుక్క చూళ్ళేదు."

జగన్నాథరావు తింటున్న అరటాకు పక్కకి నెట్టి, పుల్లతో మట్టిలో గీశాడు. "ఇదిగో, ఇది పల్నాడు. అక్కడి రాయి చాలా చాలా పాతది. అది పేరుకున్నప్పటి సముద్రంలో గవ్వ లేదు, చేప లేదు. ఉన్నదల్లా కంటికి కనపడని నాచు. ఆ కాస్తా ఉడికి ఎప్పుడో ఆరిపోయింది. రాయి కూడా గట్టిపడిపోయింది, సందు లేదు. ఇదిగో ఇది బాపట్ల. ఇక్కడ కింద గట్టు లాగా పాత కొండరాయి లేచి ఉంది. తెనాలి వైపు ఇంకో గట్టు. రెండిటి మధ్య, మీ రేపల్లె కింద, లోతైన పల్లం. ఆ పల్లంలోకి ఆ తర్వాతి కాలం సముద్రం వచ్చింది. అందులో గవ్వలున్నాయి, పురుగులున్నాయి. గట్ల వాలు మీద అక్కడక్కడా సున్నపురాయి పేరుకుని ఉంటుందని మా అనుమానం. అన్నిచోట్లా ఉండదు. ఒకచోట ఉంటుంది, కోసెడు దూరంలో ఉండదు. ఎక్కడుందో, ఎంత మందాన ఉందో తేల్చడానికే ఈ తిప్పలు."

తర్వాత జీపులోంచి ఓ రాతిముక్క తెచ్చి చూపించాడు. ఇంకెక్కడో బావి తవ్వితే లోతునుంచి పైకొచ్చిన ముక్క. అందులో గోరంత గవ్వ అచ్చు ఉంది. బర్నబాసు దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెల్లెలికి, బావకి చెప్పాడు, మన ఇంటి కింద ఒకప్పుడు సముద్రం ఉండేదట అని.

పుష్పలత చాట పక్కన పెట్టి, "ఒకప్పుడేంటి అన్నయ్యా, మనం చూడలేదూ?" అంది.

రెండో ఏడు వేసవికి లైను బాపట్ల అవతల ఇసక నేలల్లోకి వచ్చింది. సూర్యలంక దారిలో సరుగుడు తోటల మధ్య పని. అక్కడ బోరు నిలవదు. గొట్టం పైకి తీయగానే ఇసక కూలి బోరు పూడిపోతుంది. తూటా అడుక్కి పోకుండా మధ్యలో ఇరుక్కుంటుంది. ఎండలు ముదిరాయి. ఇంకొన్నాళ్ళలో కాలవలకి నీళ్ళొదులుతారు, ఆ లోపల లైను ముగించాలని పైనుంచి ఒత్తిడి. రామబ్రహ్మానికి ఇంకా తొందర, ఎన్ని బోర్లు పేలితే అంత బిల్లు.

ఆ రోజు పొద్దున పదింటప్పుడు ఓ బోరులో తూటా రెండు నిలువుల లోతులోనే ఇరుక్కుంది. బర్నబాసు వెదురు గెడతో మెల్లగా అదిమి చూశాడు. కదల్లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది వద్దండి. వదిలేద్దాం. పక్కన ఇంకోటి దించుదాం" అన్నాడు.

"ఇంకోటా? పొద్దుటి నుంచీ ఇది మూడోది. గొట్టంతో ఓ పోటు పొడవండ్రా, అదే దిగుద్ది" అన్నాడు రామబ్రహ్మం.

"ఇనప గొట్టంతోనాండి? వద్దండి. అందులో డిటొనేటరుందండి, దెబ్బ తగిలితే పేలుద్దండి."

"నాకు తెలీదా ఏం ఉందో? నువ్వు నాకు చెప్పేదేంటి?"

"అయితే సార్‌ని అడిగొస్తానండి. అందాకా ఎవరూ ముట్టుకోమాకండి" అని, సీమోను వైపు తిరిగి, "బావా, నేనొచ్చేదాకా దీన్ని ముట్టుకోవద్దు" అని చెప్పి బర్నబాసు పరుగు తీశాడు.

జగన్నాథరావు ఉన్న బండి తోటల అవతల రోడ్డు మీద ఉంది. ఇసకలో కాళ్ళు దిగబడుతుంటే పడుతూ లేస్తూ పోయాడు. బండి తలుపు కొట్టి, "సార్, రండి సార్, గొట్టంతో పొడవమంటున్నాడు, మీరొచ్చి వద్దని చెప్పండి" అన్నాడు. జగన్నాథరావు చెవులకున్న తీగలు తీసి, కిందికి కాలు పెట్టాడు. అప్పుడు వినపడింది. అది రోజూ వినే చప్పుడు కాదు. రోజూ వినేది నేల లోపలి నుంచి వస్తుంది. ఇది బయట పేలింది.

బర్నబాసు వెళ్ళేసరికి సరుగుడు చెట్ల మీద తడి ఇసక అతుక్కుని ఉంది. సీమోను బోరుకి కాస్త దూరంగా వెల్లకిలా పడి ఉన్నాడు. గొట్టం ఎక్కడికి ఎగిరిపోయిందో కనపడలేదు. కూలీలు అల్లంత దూరాన నిలబడి ఉన్నారు. రామబ్రహ్మం ఇంకా దూరంగా, తన జీపు పక్కన. బర్నబాసు తలపాగా విప్పి సీమోను పొట్ట చుట్టూ కట్టాడు. జీపులో వేసుకుని బాపట్ల ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. పోయిన సంగతి తెలిసినా బర్నబాసు ఆస్పత్రి దాకా ఆ కట్టు మీదనుంచి చెయ్యి తీయలేదు.

సీమోనుని ఎవరు పొడవమన్నారో అక్కడున్న అందరూ విన్నారు. బర్నబాసు కనుమరుగు కాగానే రామబ్రహ్మం, "వాడు వచ్చేసరికి మధ్యాహ్నం అవుద్ది. నువ్వు పట్టరా సీమోనూ, నీకంటే బలమున్నోడు ఎవడున్నాడు" అన్నాడట. సీమోను కాదనలేకపోయాడు. టీ తెచ్చి అక్కడే ఉన్న క్యాంపు వంట మనిషి ఆ మాట బర్నబాసుకి చెప్పి ఏడ్చాడు.

సమాధి చేసిన మర్నాడు రామబ్రహ్మం పేటకి వచ్చాడు. కొత్త చాప తెచ్చి వేస్తే కూర్చున్నాడు. వచ్చిన పని సూటిగానే చెప్పాడు. తెనాలిలో విచారణ పెడతారు. వద్దన్నా వినకుండా సీమోనే గొట్టం పట్టుకుని పొడిచాడని బర్నబాసు చెప్పాలి. మిగతావాళ్ళు అలాగే చెబుతారు. అలా చెబితే పుష్పలతకి సర్వే క్యాంపులో వంటపని, ఎప్పటికీ తీసెయ్యని పని, తాను దగ్గరుండి ఇప్పిస్తాడు. చెప్పకపోతే, సీమోను పేరు కూలీల పట్టీలోనే లేదు. అసలు అతను అక్కడెందుకున్నాడో తనకి తెలీదంటాడు.

అతను వెళ్ళాక పుష్పలత చాప చుట్టి మూలకి పెట్టింది. కుమారి గడప దగ్గర మట్టిలో ఆడుకుంటోంది. ఆ పిల్ల వైపు చూస్తూ అంది.

"చెప్పన్నయ్యా, ఆయన చెప్పమన్నట్టు చెప్పు."

"ఏమని? మీ ఆయనే తన చావు తను తెచ్చుకున్నాడనా?"

"ఆయన పోయాడు. ఆయన్ని ఏమన్నా ఆయనకి వినపడదు. నాకు, దీనికి తిండి ఎట్టా?"

"నేను లేనా?"

"నువ్వెన్నాళ్ళు? నీకు రేపు పెళ్ళవ్వదా? ఇంకోళ్ళ పంచన ఎన్నాళ్ళు పడుండమంటావు? పని దొరుకుతుంది అన్నయ్యా. నా పని. నా చేతి పని."

"పుష్పా, నేను వద్దని చెప్పి పరిగెత్తాను. ఆ రామబ్రహ్మం బావచేత పొడిపించాడు. ఇప్పుడు నేను పోయి నా నోటితో బావదే తప్పంటే, ఆ రామబ్రహ్మం రేపు ఇంకోణ్ణి కూడా పొడవమంటాడు."

"రేపటివాళ్ళ సంగతి రేపటివాళ్ళు చూసుకుంటారు" అంది పుష్పలత. "నాది ఇవాళ."

ఆ వారమంతా బర్నబాసు సరిగ్గా తినలేదు. మా ఇంటికి వచ్చి వరండాలో కూర్చునేవాడు. "ఏం చెయ్యమంటారు మాస్టారూ?" అని అడిగాడు ఓ సాయంత్రం. నేను నిజం చెప్పమని అన్నాను. చెప్పడం తేలికే నాకు. ఆకలి నాది కాదుగా.

విచారణకి నేను కూడా తెనాలి వెళ్ళాను. పొడుగాటి గది, పైన ఫ్యాన్లు. కూలీలు ఒకరి తర్వాత ఒకరు లేచి, సీమోను మాట వినే మనిషి కాదని, మొండివాడని చెప్పారు. మొండివాడట, సీమోను. చెబుతున్నవాళ్ళలో ఒక్కరూ బర్నబాసు మొహం చూడలేదు. బర్నబాసు వంతు వచ్చినప్పుడు లేచి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒక్క మాట తడబడలేదు.

ఆఖర్న జగన్నాథరావుని పిలిచారు.

"ప్రమాదం జరగడం మీరు చూశారా?"

"చూళ్ళేదండి. బండిలో ఉన్నాను."

"ఎవరు పొడవమన్నారో విన్నారా?"

"లేదండి."

అంతే అడిగారు. బర్నబాసు అప్పుడే తన దగ్గరికి పరిగెత్తుకొచ్చాడని, ఏం చెప్పాడని ఎవరూ అడగలేదు. జగన్నాథరావు కళ్ళద్దాలు తుడుచుకుని కూర్చున్నాడు. అతను ఆ రెండు మాటలు తనంతట తాను చెబుతాడని బర్నబాసు చివరిదాకా అతని వైపే చూస్తూ ఉన్నాడు.

పనివాడి అజాగ్రత్త వల్ల జరిగిందని తేల్చారు. బర్నబాసుని పనిలోంచి తీసేశారు. పుష్పలతకి వంటపని రాలేదు. ఆమె పెట్టె సర్దుకుని, పిల్లని చంకనేసుకుని దుగ్గిరాల వెళ్ళిపోయింది. అక్కడ పసుపు కొమ్ములు ఏరే పనికి ఆడవాళ్ళని పెట్టుకుంటారు. బస్సెక్కేటప్పుడు బర్నబాసు పెట్టె అందివ్వబోతే లాక్కుని తనే పైకి పెట్టుకుంది.

బర్నబాసు పెళ్ళి చేసుకోలేదు. వరి కోతలకి, మినుము పీకుళ్ళకి పోయేవాడు. పని లేని నెలల్లో మళ్ళీ పల్నాడు. నెలకోసారి దుగ్గిరాల పోయి, పుష్పలత ఉండే పాక గడపలో బియ్యం మూట పెట్టి వచ్చేవాడు. ఆమె తీసుకునేది, పలకరించేది కాదు. కుమారి మాత్రం "మామయ్యొచ్చాడు" అని ఎగిరేది.

తొంభై ఒకటిలో మా పేటకి కనుచూపు మేరలోనే బావి తవ్వడానికి పెద్ద రిగ్గు నిలబెట్టారు. ఆనాటి సర్వే లైన్లలో సున్నపురాయి ఉన్నట్టు తేలిన చోటే అది. ఇనప గోపురం లాంటిది, దూరానికి కూడా కనపడేది. రోడ్డు వేశారు, టీ బంకులు లేచాయి. రేపల్లెలో జనం పొలాలు అమ్మొద్దని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. నూనె పడితే ఇంటికో ఉద్యోగమని పుకారు. రామబ్రహ్మం మనుషులే అక్కడ కూలీలని పెట్టారు కాబట్టి బర్నబాసుకి అందులో చోటు లేదు. గట్టు మీద నిలబడి అటు చూసేవాడంతే.

"ఏమంటావు, పడుతుందా?" అని అడిగాను ఓసారి.

"పడితే బాగుండండి మాస్టారూ" అన్నాడు. "పడకపోతే సీమోను ఎందుకు పోయినట్టండి?"

పడలేదు. ఏడాది దగ్గర పడుతుండగా రిగ్గు విప్పి లారీలకెత్తారు. బావికి సిమెంటు బిగించి, పైన ఇనప మూత వేసి, చుట్టూ ముళ్ళ తీగ కట్టారు. టీ బంకులు ఒకటొకటే ఎత్తేశారు.

ఆ పని ముగిసే రోజుల్లోనే జగన్నాథరావు మా పేటకి వచ్చాడు. జుట్టు నెరిసింది. బర్నబాసు మడిలో మినుము పీకుతుంటే గట్టు దాకా నడిచి వెళ్ళాడు. నేనే దారి చూపించాను.

"సున్నపురాయి ఉంది బర్నబాసూ. అనుకున్న లోతులోనే తగిలింది. గవ్వలున్నాయి, సందులున్నాయి. అన్నీ ఉన్నాయి. ఆ సందుల నిండా ఉప్పునీళ్ళు. నూనె ఎప్పుడైనా వచ్చి పోయిందో, అసలు రానే లేదో తెలీదు" అన్నాడు.

బర్నబాసు పీకిన మినుము కట్ట కింద పెట్టి వింటున్నాడు.

"బావి దగ్గర కాపలాకి ఒకళ్ళు కావాలి. ఈసారి కాంట్రాక్టరు ద్వారా కాదు. నీ పేరు రాయిస్తాను."

"సార్, ఆ రోజు నేను మీ దగ్గరికి ఎందుకు పరిగెత్తుకొచ్చానో మీకు గుర్తుందాండి?"

"గుర్తుంది."

"అయితే ఆ మాట మా చెల్లెలితో చెప్పండి. ఇంకెవరికీ చెప్పక్కర్లేదు. అది నాతో మాట్లాడి అయిదేళ్ళు కావస్తోంది."

అతను కాదనలేదు. అతని జీపులోనే దుగ్గిరాల వెళ్ళాం, నేను కూడా. పసుపు ఆరబోసిన కళ్ళాల మధ్య రేకుల షెడ్డు. కొమ్ములకి మెరుగు పట్టే డ్రమ్ములు తిరుగుతుంటే పసుపు దుమ్ము పొగలా లేస్తోంది. పుష్పలత ముక్కుకి కొంగు చుట్టుకుని బయటికి వచ్చింది. కనురెప్పల మీద, చెవుల మీద పసుపు. చిక్కి సగమైంది. మాట్లాడబోయే ముందు దగ్గింది.

జగన్నాథరావు నిలబడే అంతా చెప్పాడు. బర్నబాసు ఇసకలో పడుతూ లేస్తూ వచ్చిన సంగతి, తలుపు కొట్టి అన్న మాటలు, తను దిగేలోపల పేలిన సంగతి. తెనాలిలో ఆ మాట తను పైకి తేలేదని కూడా చెప్పాడు.

పుష్పలత అంతా విని, "ఇవన్నీ నాకు తెలుసు సార్" అంది. "మా అన్న అబద్ధం చెప్పడని నాకు ఎప్పుడూ తెలుసు. నేనెప్పుడన్నా వాడు అబద్ధమాడాడన్నానా?"

"మరి నాతో ఎందుకు మాట్లాడవే?" అన్నాడు బర్నబాసు. అప్పటికి అతనికి కళ్ళనీళ్ళు ఆగడం లేదు.

"నువ్వు నిజమే చెప్పావు. దానికి ఖరీదు మాత్రం నేను కడుతున్నా. నన్నడిగి చెప్పలేదుగా." ఆమె జగన్నాథరావు వైపు తిరిగింది. "ఆ కాపలా పనేదో నాకిస్తారా సార్?"

"ఆడవాళ్ళని పెట్టుకోరమ్మా" అన్నాడు జగన్నాథరావు, తల వంచుకుని.

"సరే అయితే" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

బర్నబాసు కాపలా పని తీసుకున్నాడు. వద్దనడానికి అతనికి వీల్లేదు, దుగ్గిరాలలో ఇద్దరున్నారు. ముళ్ళ తీగ లోపల ఓ రేకుల గది, అందులో మంచం. కాపలా కాయడానికి అక్కడేముంది, సిమెంటు బిగించిన బావి, ఇనప మూత. గేదెలు లోపలికి రాకుండా చూసేవాడు. ఆ జీతంలో ఎక్కువ భాగం దుగ్గిరాల పోయేది. కుమారి బడికి వెళ్ళిందంటే అందువల్లే. జగన్నాథరావు బదిలీ మీద వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. రామబ్రహ్మం పొన్నూరులో రైసు మిల్లు కొన్నాడని, దాని ప్రారంభానికి పెద్ద పెద్దవాళ్ళు వచ్చారని విన్నాం.

తొంభై ఆరు వర్షాకాలంలో పుష్పలత దగ్గు క్షయ అని తేలింది. తేలేసరికే ఆలస్యమైంది. గుంటూరు ఆస్పత్రిలో కొన్నాళ్ళుంచి, ఇక లాభం లేదని ఇంటికి పంపారు. బర్నబాసు ఆమెని దుగ్గిరాలకి కాకుండా పేటకి తీసుకొచ్చాడు. ఆమె వద్దనలేదు. తల్లి ఇల్లున్న చోట అతను వేసిన పాకలోనే ఆఖరి నెలలు గడిపింది. గంజి అతనే కాచేవాడు. మాటలు పెద్దగా లేవు. "ఉప్పెక్కువైంది" అనేది, "కాస్త లేపు" అనేది. అలాంటి మాటలే. అతనికి అవే చాలన్నట్టుండేవాడు. క్రిస్మస్‌కి ముందు ఆదివారం, చర్చి గంట కొట్టే వేళకి పోయింది. సమాధి తవ్వితే మోకాలి లోతులోనే నీళ్ళూరాయి. బకెట్లతో తోడిపోస్తూ దించాం.

తర్వాత రెండేళ్ళకి ముళ్ళ తీగ కూడా పీకేసి, ఇక కాపలా అక్కర్లేదన్నారు. బర్నబాసు మళ్ళీ కూలికి పోవడం మొదలుపెట్టాడు. కుమారి అతని దగ్గరే ఉండి రేపల్లె హైస్కూల్లో చదువుతోంది. తల్లి పోలికే, అదే నుదురు, ముక్కుసూటి మాట.

తొంభై తొమ్మిది ఈస్టరుకి ముందు పేటవాళ్ళమంతా సమాధుల దొడ్లో గడ్డి పీకుతున్నాం. సీమోను, పుష్పలత పక్కపక్కనే ఉన్నారు. కుమారి తల్లి సమాధి మీద తుంగ వేళ్ళతో సహా లాగుతూ ఉన్నట్టుండి అడిగింది.

"మామయ్యా, తెనాలిలో అమ్మ చెప్పమన్నట్టు నువ్వు చెప్పుంటే అమ్మ బతికేదా?"

ఆ సంగతి ఆ పిల్లకి తల్లి ఎప్పుడు చెప్పిందో. బర్నబాసు చేతిలో కొడవలి ఆగింది. అబద్ధం చెప్పి ఊరుకోబెట్టవచ్చు. అతనికి అది రాదు.

"బతికేదేమోనమ్మా. వంటపనికి దుమ్ముండదుగా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీ నాన్న వాళ్ళు చెప్పినట్టు మాట వినని మొండివాడు కాదమ్మా. కాదని ఎవరో ఒకళ్ళు చెప్పాలనిపించింది. ఎవరూ చెప్పడం లేదు."

కుమారి ఇంకో తుంగ మొక్క లాగింది. తప్పని అనలేదు, ఒప్పని అనలేదు. గడ్డంతా పీకడం అయ్యాక చేతులు దులుపుకుని, "ఎండెక్కుతోంది, అన్నం తిందువుగాని పద" అంది. అతను కొడవలి భుజాన వేసుకుని ఆ పిల్ల వెనకే నడిచాడు.